లేని గోడ దాటని సాబు

ఖాజా మొహియుద్దీన్ సాబు గోడ దాటేవాడు కాడు. ఉన్న గోడ సంగతి కాదు, లేని గోడ సంగతి చెబుతున్నాను.

నిజాం కాలంలో బల్మూరు దగ్గర పాటిగడ్డ మీద, ఎన్నడో జనం వదిలేసిపోయిన పట్నాన్ని తవ్వించి నక్షా గీయడానికి సర్కారు ఆయనను పంపింది. మోకాలెత్తు పునాదులు బయటపడితే చాలు, సాబుకు నిలువెత్తు గోడలు, తలుపులు కనబడేవి. గడపరాయి ముందు ఆగి దగ్గేవాడు. వంటిల్లని తేలితే బూట్లు విప్పేవాడు.

మట్టిగంపలు మోసే సత్యమ్మకు ఇది రోజూ తమాషా. ఆమె గుడిసె కూడా ఆ గడ్డ మీదే, అత్తగారి కాలం నుంచి ఉంది.

ఒకరోజు వడగళ్ల వాన. ఒక పాత ఇంటి పునాదుల మధ్య వేసిన డేరాలోకి కూలీలంతా అడ్డంగా ఉరికారు. సాబు మాత్రం వీధి వెంట నడిచి, మూల తిరిగి, గడప ముందు దగ్గి, తడిసి ముద్దయి వచ్చాడు.

"గా నాలుగు రాళ్లు దాటొస్తె ఏం పోయింది సాబ్?" అంది సత్యమ్మ.

"పరాయోళ్ల ఇంట్లకెల్లి ఉరుకుతరా అమ్మా? ఇంటోళ్లు ఏమనుకుంటరు?"

"ఇంటోళ్లు ఎప్పుడో పోయిండ్రు గద!"

"పోతె పోయిండ్రు. ఇల్లు వాళ్లదే."

సత్యమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. తవ్వుకుంటూ వచ్చిన పెద్దవీధి సూటిగా ఆమె గుడిసెకే ఎదురొచ్చింది. పై అధికారి చూసి, "వీధి దీని కిందనుంచే పోతుంది. నేను మళ్లీ వచ్చేలోగా గుడిసె తీయించండి" అని వెళ్లిపోయాడు.

సాబు సెలవు రోజున కూడా ఒక్కడే పార పట్టి గుడిసె పక్కన, వెనక తవ్వడం మొదలుపెట్టాడు. సత్యమ్మకు ఒళ్లు మండింది.

"నా కొంప కూలగొట్టనీకె గంత తొందరా సాబ్?"

"తొందరే అమ్మా. జర మంచినీళ్లియ్యి."

తిట్టుకుంటూనే ఇచ్చింది.

అధికారి రానే వచ్చాడు. ఒక పునాది మీద కాలు పెట్టబోతుంటే సాబు "గోడ సార్!" అని అరిచాడు. పాపం, ఆయన ఉలిక్కిపడి ఆగాడు. సాబు ఆయనను వీధి వెంటే తెచ్చి గుడిసె ముందు నిలబెట్టాడు. వీధి బండల మీద చక్రాలు అరగదీసిన గాడి గుడిసె దాకా వచ్చి పక్కకు తిరిగింది. వెనక్కి చుట్టి వెళ్లి మళ్లీ సూటిగా సాగింది.

"పట్నం బతికున్నప్పుడు గూడ ఇక్కడ ఇల్లే ఉన్నది సార్. బండ్లే చుట్టు తిరిగి పోయినయి. మనం ఇంట్లకెల్లి పోదమా?"

అధికారి చేతికర్రతో గాడి వెంట గుడిసె చుట్టూ తిరిగొచ్చాడు. "గుడిసె జోలికి పోవద్దు. నక్షాలో వీధిని తిప్పి గీయండి" అన్నాడు.

ఇక సత్యమ్మను పట్టడం ఎవరి తరం? "రాజుల కాలం బండ్లే మా ఇంటికి పక్కకు జరిగినయి!" అని కనబడినవాళ్లందరికీ చెప్పింది.

మరునాడు వేడి జొన్నరొట్టెలు బట్టలో కట్టుకుని డేరాకు బయలుదేరింది. అడ్డంగా పోతే దగ్గరే. కానీ వీధి వెంట నడిచి, మూల తిరిగి, గడపరాయి ముందు ఆగి గట్టిగా దగ్గింది.

సాబు తలెత్తి చూశాడు.

"రామ్మా, తలుపు తీసే ఉన్నది."