పత్తి పురుగు తిన్న పాటలు

ఎనభైల్లో జనగామలోని మా ఇంట్లో తెగని పంచాయితీ ఒకటే ఉండేది. క్యాసెట్లను అల్మారాలో ఏ వరుసలో పెట్టాలి? పొలం గట్ల దగ్గర కూడా గొంతు లేవని మనుషులం, దీని దగ్గరికి వచ్చేసరికి ఒకరి మాట ఒకరం వినేవాళ్లం కాదు.

భూపాలపల్లిలో బొగ్గు పనుల దగ్గర ఉద్యోగం దొరకగానే మా అన్న టూ ఇన్ వన్ కొన్నాడు. రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకే పెట్టెలో. అక్కడి గదిలో ఉంచితే ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంట్లోనే పెట్టాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడు. అల్మారాలో ఒక అర నిండింది, రెండోదీ నిండింది, ఇక అభిప్రాయాలు మొదలయ్యాయి.

అన్నది సంగీత దర్శకుల పద్ధతి. ఎవరు బాణీ కట్టారో వాళ్ల పాటలన్నీ ఒక్కచోట ఉండాలి. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, నాది సినిమా పేర్ల పద్ధతి, అదీ అక్షర క్రమంలో. బాణీ ఎవరిదో తెలియనివాళ్లు పాట ఎట్లా వెతుక్కోవాలని నేను వాదించేదాన్ని. తెలియనివాళ్లు వినుడెందుకని అన్న అనేవాడు. ఎదురింటి అత్తమ్మ పాటలు వినడానికి వచ్చి ఊరికే పోయేది కాదు. "కొత్తయి ముందట వెట్టుండ్రి, పాతయి ఎనుకకు జరుపుండ్రి. కూరగాయలు అమ్ముకునేటోళ్లు గట్లనే పెడ్తరు," అని తన తీర్పు తాను చెప్పిపోయేది. నేను మధ్యాహ్నం సర్దితే సాయంత్రానికి అన్న మార్చేవాడు. అన్న బస్సెక్కగానే నేను మళ్లీ మార్చేదాన్ని.

చివరికి బాపు, అంటే మా నాన్న, కలగజేసుకున్నాడు. ఆయన బడిపంతులు, వరుసలో నిలబెట్టడం వృత్తి. పై అరలో భక్తి, కింది అరలో సినిమా, చివరన ఖాళీవి. ఖాళీ క్యాసెట్‌ను తలకిందులుగా బోర్లించి పెట్టాలి, అప్పుడు చూడగానే తెలుస్తుంది. ఖాళీవి ఆయనకే ఎక్కువ అవసరం మరి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచినప్పుడు బడి నెలల తరబడి మూతబడితే, ఆయన రేడియో ముందు కూర్చుని వార్తలు వినడం అలవాటు చేసుకున్నాడు. బడి తెరిచారు కానీ ఆ అలవాటు పోలేదు. బచ్చన్నపేటలో మాకున్న చెలకలో పత్తి వేసినప్పటి నుంచి వ్యవసాయ కార్యక్రమం కూడా తోడైంది. దాన్ని రికార్డు చేసి, మళ్లీ మళ్లీ విని, చెలకకు పోయి అక్కడ సాగుచేసే పాలుదారుకు పాఠం చెప్పేవాడు. పాపం, ఆ పాలుదారు ఓపిక గొప్పది.

ఈ పంచాయితీలో అమ్మ ఎప్పుడూ నోరు తెరవలేదు. ఆమెకు కావలసింది ఒక్క క్యాసెట్, మా పెద్దమ్మ పాడిన బతుకమ్మ పాటలు.

పెద్దమ్మది మానుకోట, కాగితాల మీద మహబూబాబాద్. మా అమ్మమ్మ తొందరగా పోవడంతో అమ్మను పెంచింది ఆమే. పుట్టిల్లంటే వాళ్లిద్దరికీ ఒకరికొకరే. ఏటా బతుకమ్మకు పెద్దమ్మ మా ఇంటికి వచ్చేది. ఆమె ముందు పాడితే వాడంతా వెనక అందుకునేది. టూ ఇన్ వన్ వచ్చిన ఏడాది అన్న దాన్ని వాకిట్లో పీట మీద పెట్టి, రెండు పక్కలా నిండేదాకా ఆమె పాటలు రికార్డు చేశాడు.

మరుసటి ఎండాకాలం మా అక్క పెండ్లయింది. పెండ్లిలో దగ్గరివాళ్లకు చీర పెట్టడం మా దగ్గర చిన్న సంగతి కాదు, అంచు వెడల్పు తగ్గితే చుట్టరికం తెగుతుంది. అమ్మ హడావిడిలో అందరికీ ఒకటే రకం చీరలు తెప్పించి పెద్దమ్మకూ అదే పెట్టింది. "అందరికి వెట్టిన చీరెనే నాకు వెడ్తవా? అందరి లెక్కనేనా నేను నీకు?" అని పెద్దమ్మ ఆ చీరను చాప మీదే వదిలేసి ప్యాసింజరు ఎక్కింది. అమ్మ కూడా తగ్గలేదు. "పోనీ. రమ్మని కాళ్లు మొక్కుతనా?" అంది.

తరువాత రెండు బతుకమ్మలు పెద్దమ్మ లేకుండానే గడిచాయి. అమ్మ పేరెత్తేది కాదు, ఎవరైనా ఎత్తితే లేచిపోయేది. కానీ రోజూ వంట మొదలుపెట్టగానే ఆ క్యాసెట్ పెట్టుకునేది. మాట్లాడేది లేదు, వినడం మాత్రం మానేది లేదు. పప్పు ఉడికేలోపు ఒక పక్క అయిపోయేది.

విన్న తరువాత దాన్ని అల్మారాలో బోర్లించి పెట్టేది. మా వంటింట్లో బోర్లించిన గిన్నెకు ఒకటే అర్థం, కడిగి పెట్టింది, ఎవరూ చెయ్యి పెట్టొద్దని. దేవునికి వండే గిన్నెను అమ్మ అట్లాగే బోర్లించేది. మాలో ఎవరమూ ఆ గిన్నెను ముట్టుకునే సాహసం చేయలేదు. క్యాసెట్ కూడా అంతేనని ఆమె అనుకుంది.

మూడో ఏడు పండుగ ఆఖరున, సద్దుల బతుకమ్మ రోజు వాకిట్లో వాడలోని ఆడవాళ్లంతా చేరారు. తంగేడు, గునుగు కుప్పలు పోసి అమ్మ బతుకమ్మ పేరుస్తోంది. పొద్దున పనుల్లో పడి క్యాసెట్ పెట్టుకోనేలేదు. చేతులు ఖాళీ లేక నాతో, "బిడ్డా, మా అక్క పాటలు పెట్టు," అంది. నేను పెట్టి, సౌండు పెంచి, చప్పట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

పెద్దమ్మ రాలేదు. ఒక పెద్దమనిషి గొంతు వచ్చి, పత్తిలో కాయ తొలిచే పురుగును ఎట్లా గుర్తుపట్టాలో రైతు సోదరులకు వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.

"ఏందే, మీ అక్క ఈ ఏడు పత్తి మీద పాట గట్టిందా?" అంది ఎదురింటి అత్తమ్మ. వాకిలంతా నవ్వు. నేనూ నవ్వాను. అమ్మ ముఖం చూశాక ఆపేశాను. ఆమె చేతిలోని గునుగు పూలు అట్లాగే ఉన్నాయి. నేను రెండో పక్క తిప్పి పెట్టాను. అందులో మందు చల్లే విధానం ఉంది.

బాపు అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. ముందు రోజు రాత్రి కార్యక్రమం మొదలైపోతోందని తొందరలో, కళ్లద్దాలు వెతుక్కునే తీరిక లేక, బోర్లించి ఉన్నది కదా అని తీసి రికార్డుకు పెట్టాడట. క్యాసెట్ వెనక ఉన్న చిన్న రెక్కను విరగ్గొడితే మళ్లీ రికార్డు కాదని అన్న మొదట్లోనే చెప్పాడు. కొన్న వస్తువును విరగ్గొట్టడం బాపుకు మింగుడు పడక ఇంట్లో ఒక్కదాని రెక్క కూడా తీయనివ్వలేదు.

"బోర్లిచ్చినదంటె ఖాళీదనే గద మనం అనుకున్నది?" అన్నాడు మెల్లగా.

"బోర్లిచ్చిన గిన్నెల నువ్వు ఎప్పుడన్న చెయ్యి వెట్టినవా?" అంది అమ్మ.

పండుగకు వచ్చిన అన్న క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, పోయిన పాట ఇక తిరిగి రాదన్నాడు. అమ్మ ఆ సాయంత్రం బతుకమ్మ ఆడింది కానీ నోరు కదపలేదు. ఆమెను అట్లా చూడటం నాకు చాలా కష్టమైంది. పండుగ పూట ఇల్లు ఇల్లులాగా లేదు.

మర్నాడు పొద్దున్నే బాపు కొత్త క్యాసెట్ ముందర పెట్టుకుని, తాను మానుకోట పోయి మళ్లీ పాడించుకొస్తానన్నాడు. "నువ్వు పోతె పాడదు," అంది అమ్మ. "వంత ఎవలు పాడాలె? నువ్వు పాడుతవా?" బాపు గొంతు ఎట్లాంటిదో మా అందరికీ తెలుసు. "నేనే పోవాలె ఇగ," అని అమ్మ తనకు తానే అనుకుంది. కోపం పోయిందని కాదు, పాట కావాలి.

దసరా వెళ్లిన తెల్లారి అమ్మ, బాపు, నేను ప్యాసింజరులో బయలుదేరాం. టూ ఇన్ వన్‌ను బాపు దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ కొంగున జమ్మి ఆకు ముడి వేసుకుంది. దసరాకు ఆ ఆకును బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం, వాళ్లు దగ్గరికి తీసుకుంటారు. ఎంత పగైనా ఆ పూట మాట కలపాల్సిందే.

పెద్దమ్మ గడప ముందు కూర్చుని పెసర్లు చెరుగుతోంది. మమ్మల్ని చూసినా చాట ఆపలేదు. అమ్మ వంగి ఆమె చేతిలో ఆకు పెట్టింది. పెద్దమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"గిది అందరికి వెట్టిన ఆకేనా? నాకు వేరేగ తెచ్చినవా?"

"ఊరందరికి చెట్టు ఒక్కటే అక్కా. నీకైతె రైలెక్కి తెచ్చిన," అంది అమ్మ.

పెద్దమ్మ మూతి బిగించి నవ్వు ఆపుకోవాలని చూసింది, కాలేదు. చాట పక్కకు తోసి అమ్మను దగ్గరికి లాక్కుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బాపు ఇదే అదను అనుకున్నాడు. "వదినా, తప్పు నాదే. నీ పాటల మీద పత్తి పురుగును ఎక్కిచ్చిన," అని జరిగిందంతా చెప్పాడు. పెద్దమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూనే అమ్మను అడిగింది, "అయితె నేను రాని రెండు పండుగలు గీ డబ్బల నా పాట విన్నవా?"

"పండుగలకే కాదు, రోజు విన్న," అంది అమ్మ గొప్పగా.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "అందుకే రాలె నువ్వు," అంది. "నీకు డబ్బ ఉండె. నాకేముండె? పండుగ పండుగకు తొవ్వ జూసుకుంట కూసున్న."

అమ్మకు ఏడుపొచ్చింది, ఆమెను చూసి నాకూ వచ్చింది. పెద్దమ్మ కొంగుతో అమ్మ ముఖం తుడిచి, అన్నానికి ఎసరు పెట్టడానికి లోపలికి తీసుకుపోయింది.

పొయ్యి దగ్గర కూర్చున్నాక పెద్దమ్మ ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది. ఆ గొంతు మేము దాచుకున్న దానికంటే కొంచెం బొంగురుగా ఉంది, అయినా చాలా బాగుంది. బాపు గబగబా దుప్పటి విప్పి, కొత్త క్యాసెట్ వేసి, మీట మీద వేలు పెట్టాడు. అమ్మ ఆయన చేయి పట్టుకుని పక్కకు జరిపింది.

"వద్దు," అంది. "ఇది నింపుకొని పోతె మల్ల రాబుద్ది గాదు."

తరువాతి చరణం నుంచి అమ్మ వంత అందుకుంది.