పుంగనూరు నుంచి జున్నుపాలు

మదనపల్లెలో ఉద్యోగం, పిల్లలతో తీరిక దొరక్క, స్నేహితుల మెసేజ్‌లకు నా పేరుతో జవాబులిచ్చే పని ఫోన్‌లోని అసిస్టెంట్‌కు అప్పగించాను. ఓ ఆదివారం పుంగనూరు నుంచి చిన్ననాటి స్నేహితురాలు మునెమ్మ క్యారియర్ నిండా జున్నుపాలు తెచ్చింది.

"గౌరి ఈనిందమ్మే! దూడ అడ్డం తిరిగినప్పుడు నాకు ధైర్యం చెప్పింది నువ్వొక్కదానివే. అందుకే ముందు నీకే తెచ్చినా" అంది.

"గౌరి ఎవరు?" అనేశాను.

మునెమ్మ ముఖం వాడిపోయింది. "అట్లయితే నాతో మాట్లాడింది ఎవురు?"

తలదించుకుని నిజం చెప్పాను. క్యారియర్ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

సాయంత్రం "ఇల్లు చేరావా?" అని నేనే స్వయంగా మెసేజ్ పెట్టాను.

"ఇది రాస్తాండేది ఎవురు?" అని జవాబొచ్చింది.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నేనేనని ఎన్ని విధాల రాసి చూసినా, అదీ అసిస్టెంట్ రాసినట్టే ఉంది.