శీను పేరు తీసే ఫారం

ఈ రోజు పొద్దున మా అబ్బాయి శీను ఆడిన ఫుట్‌బాల్ క్లబ్ కోచ్ యాదగిరి సరూర్‌నగర్ నుంచి మా ఎల్బీనగర్ ఇంటికొచ్చాడు. శీను చనిపోయి నాలుగు నెలలైంది. లీగ్‌కు ముందు ప్రతి క్లబ్బూ ఆటగాళ్ల పేర్లు అసోసియేషన్‌కు ఇవ్వాలట. శీను పేరు తీస్తేనే కొత్త గోల్‌కీపర్ పేరు ఎక్కుతుందట. దానికి నా సంతకం కావాలట.

"రేపే ఆఖరు అక్కా, జర సంతకం పెట్టు" అన్నాడు.

"పెట్టకపోతే ఏమైతది?"

"గోల్ కాడ ఎవర్ని నిలవెట్టాలె, నన్నా?"

"మావాడు నిలవడ్డప్పుడు మీరు గెలిచింది ఏడ?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఎటు చూడాలో తెలియలేదు.

రేషన్ కార్డులో పేరు తీయించినప్పుడు వెంటనే సంతకం పెట్టేశాను. ఈ కాగితం పట్టుకుని మాత్రం వంటింట్లోకి, వాకిట్లోకి నాలుగుసార్లు తిరిగాను. అది క్లబ్ మారేవాళ్ల ఫారం. చనిపోయినవాళ్లకు వేరే ఫారం లేదట. "ఏ క్లబ్బుకు వెళ్తున్నారు?" అని అందులో ఒక గడి ఉంది.

"అది వదిలెయ్ అక్కా" అన్నాడు యాదగిరి.

వదిలేసి, సంతకం పెట్టి పంపాను. ఆ కొత్త పిల్లవాడైనా ఆడాలి కదా. అప్పటినుంచి ఒక దగ్గర కూర్చోలేకపోతున్నాను. రేపు అసోసియేషన్ ఆఫీసులో ఎవరైనా ఏ క్లబ్బని అడిగితే యాదగిరి ఏం చెప్తాడు? మీరైతే ఆ గడిలో ఏం రాసేవారు?