రోహిణీ కార్తెలో నల్లకోటు, తెల్లచీర

తిరువూరులో ముప్పైనాలుగేళ్లు ప్లీడరీ చేసి కిందటేడు మానేశాను. ఇక్కడ చెప్పబోయే పని అంతకు నాలుగేళ్ల ముందు, మార్చి మొదటి వారంలో నా దగ్గరికి వచ్చి రోహిణీ కార్తెలో తెమిలింది. నేను సివిల్ వాణ్ని. చేల గట్లు, అన్నదమ్ముల వాటాలు, మామిడితోటల కౌలు తగాదాలు నా రోజువారీ పని. పెళ్లిళ్లు నా దగ్గరికి చెడిపోయాకే వచ్చేవి. ఇదొక్కటే మొదలవకముందు వచ్చింది.

అమ్మాయి లహరి. వాళ్లది రైసుమిల్లు నడిపే వర్తకుల ఇల్లు. అబ్బాయి ప్రవీణ్. వాళ్లు క్రైస్తవులు, తల్లి కరుణమ్మగారు బడిలో టీచరు. పిల్లలిద్దరికీ విజయవాడలో ఒకేచోట ఉద్యోగం. ఆశ్చర్యమేమిటంటే రెండు ఇళ్లూ ఒప్పుకున్నాయి. ఎవరూ మతం మారరు, గుడీ వద్దు, చర్చీ వద్దు, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి, సాయంత్రం అందరికీ ఒకటే భోజనం అని తీర్మానించుకున్నారు.

ఇలాంటివారికి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ముందుగా అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని బోర్డుకు అంటిస్తారు. ముప్పై రోజుల్లో చట్టప్రకారం అభ్యంతరమేదీ రాకపోతే, ముగ్గురు సాక్షుల ఎదుట ఇద్దరూ ఒక వాక్యం చదివి సంతకాలు పెడితే పెళ్లయిపోతుంది. అయితే ఇదంతా నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపే జరగాలి. దాటితే ఆ నోటీసు చెల్లదు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఆ వారమే నోటీసు ఇప్పించి, మూడు నెలలంటే బోలెడు గడువనుకున్నాను. ముప్పై రోజులు పూర్తయ్యేసరికి క్రైస్తవులు ఉపవాసాలుండే శ్రమల దినాలు నడుస్తున్నాయి, ఈస్టరు వెళ్లాక చూద్దామన్నారు కరుణమ్మగారు. ఈస్టరు వెళ్లేసరికి మూఢం వచ్చిందన్నారు మిల్లువారు. ఆఫీసు పెళ్లికి మూఢమేమిటండీ అని లహరి తండ్రిని అడిగాను. “ఆఫీసు మీద మాత్రం ఆకాశం లేదాండీ?” అన్నాడాయన. మూఢం వదిలేసరికి మూడంటే మూడు రోజులు మిగిలాయి.

అప్పుడు పడింది చీర పేచీ.

సాక్షులుగా చట్టానికి దారినపోయే ముగ్గురైనా చాలు. కానీ లహరికి తల్లి లేదు, పెంచింది మామ్మ రత్తమ్మగారు. మామ్మ సంతకం లేకుండా పెళ్లి చేసుకోనంది లహరి. తన తల్లి సంతకం లేకుండా చేసుకోనన్నాడు ప్రవీణ్. మూడో సాక్షిని నేను. అంతా కుదిరిందనుకుంటుండగా కరుణమ్మగారు పెళ్లికూతురికి తెల్లచీర తెచ్చారు. రత్తమ్మగారు ఆ పెట్టె మూత తీసి, చూసి, మూసేసి, నేను సంతకం పెట్టనన్నారు. ఆ చీర కట్టకపోతే నేనూ పెట్టనన్నారు కరుణమ్మగారు. గడువుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం అందరూ నా గదిలోకి వచ్చి కూర్చున్నారు.

నా వేషం కూడా చెప్పాలి. ఎండాకాలంలో కింది కోర్టుల్లో మాకు నల్లకోటు నుంచి మినహాయింపు ఉంది. నేనది ఏనాడూ వాడుకోలేదు. ప్లీడరన్నాక ప్లీడరులా కనబడాలని నా పట్టుదల. ఆ రోజూ కోర్టునుంచి వచ్చి, కోటుతోనే కుర్చీలో కూర్చున్నాను. బయట రోళ్లు పగిలే ఎండ. కరెంటు లేదు.

రత్తమ్మగారు మొదలుపెట్టారు. “పెళ్లికూతురికి తెల్లచీరా? ఎవరు పోయారని? నా చేతులతో పెంచిన పిల్లని నా కళ్లెదుటే అలా కూర్చోబెడతారా?”

“అవేం మాటలండీ! మాలో తెలుపంటే పవిత్రం. నేనూ, మా అక్కచెల్లెళ్లూ అందరం తెల్లచీరల్లోనే పెళ్లాడాం. మా ఆయన నిక్షేపంలా ఉన్నాడు, కావాలంటే బయట ఆటోలో ఉన్నాడు చూసుకోండి” అన్నారు కరుణమ్మగారు.

విచిత్రమేమిటంటే, ముందు వారమే రెండు కుటుంబాలూ కలిసి హల్దీ అని ఒకటి జరిపాయి. అందరికీ పసుపు బట్టలు, నల్లకళ్లద్దాలు, డీజే. ఈ ఇద్దరాడవాళ్లూ పక్కపక్కన నిలబడి కోలాటం కర్రల్లాంటివి పట్టుకున్న ఫోటో నాకు వచ్చింది. అది ఎవరి ఆచారమని ఎవరూ అడగలేదు. మూఢంలో అదెలా చేశారండీ అంటే, శాస్త్రంలో లేనిదానికి మూఢం పట్టదన్నాడు లహరి తండ్రి.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. ప్రవీణ్ మోకాళ్ల దగ్గర చిరుగులున్న జీన్సు వేసుకొచ్చాడు. దాన్ని చూస్తే అప్పటికే నాకు ఒళ్లు మండుతోంది. అరువు ఫ్యాషన్ల మీద ఉపన్యాసం అందుకున్నాను. పెళ్లికి తెల్లబట్టలు దొరసానులు తెచ్చిపెట్టిన మోజు అన్నాను. డబ్బిచ్చి చిరుగులు కొనుక్కోవడం కూడా ఆ బాపతేనన్నాను. ఏ గడ్డ మీద పుట్టినవాళ్లు ఆ గడ్డ పద్ధతిలో ఉండాలని ముగించాను. పది నిమిషాలు పట్టింది.

కరుణమ్మగారు టీచరు కదా, చివరిదాకా విన్నారు. విని, “సార్, ఆ కోటు మీ తాతగారిదాండీ?” అన్నారు.

ముందుగా నవ్వింది రత్తమ్మగారు. “నేనూ ఇందాకట్నుంచి చూస్తున్నా నాయనా, ఉడికిపోతున్నావు. ఏ దొర వేసుకోమన్నాడయ్యా, రోహిణీ కార్తెలో?”

కోటు విప్పాను. చొక్కా పిండితే చెంబెడు నీళ్లు వచ్చేలా ఉంది. పరువు పోయిందని ఉడుకుమోత్తనం వచ్చి, వృత్తిలో నేర్చిన ఎత్తు ఒకటి వేశాను. రత్తమ్మగారిని సాక్షిలా నిలబెట్టి, ఒక్క జవాబుతో కేసు మూసేద్దామనుకున్నాను.

“మామ్మగారూ, మీ మెళ్లో సూత్రం కట్టేవేళకి మీ ఒంటిమీద ఏ రంగు చీర ఉందో చెప్పండి.”

“ఎర్ర పట్టు” అని ఆవిడ అంటారనుకున్నాను. “ఎర్ర ప...” అని ఆగిపోయారు. “అది పీటల మీదికి వచ్చేటప్పుడు. సూత్రం వేళకి మధుపర్కాలు కట్టారు.”

మధుపర్కాలంటే పెళ్లిపీటల మీద వధూవరులకిచ్చే కొత్త నూలుబట్టల జత, పంచె, చీర. తెలుగింట పెళ్లి చేసుకున్న ప్రతివాడికీ తెలుసు అవి ఏ రంగో. నాకూ తెలియాలి, నేనూ కట్టుకున్నాను.

“ఏ రంగండీ?” అని మెల్లిగా అడిగారు కరుణమ్మగారు.

“తెలుపే” అన్నారు రత్తమ్మగారు. “ఎర్రంచు.”

మా భాషలో దీన్ని సాక్షి ఎదురు తిరగడం అంటారు. నా సాక్షి నన్నే ముంచింది. కరుణమ్మగారు గెలిచానని ఎగిరిపడలేదు. “మాకూ చర్చిలో తాళి కడతారండీ. అది దొరసానులు తెచ్చింది కాదుగా, మీ దగ్గర నేర్చుకున్నదే” అని తన మెడలోది పైకి తీసి చూపించారు. ఇద్దరూ తాళిబొట్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటుంటే, గోడవారన కూర్చున్న లహరి లేచి నిలబడింది.

“మూడు నెలల్నుంచి చూస్తున్నా. కట్టుకునేదాన్ని నేను. నన్ను ఒక్కరైనా అడిగారా?” అంది. “మా బాబాయిలు అసలే సగం మనసుతో ఒప్పుకున్నారు. ఇంకో నెల వాయిదా అంటే ఈ పెళ్లి జరగనివ్వరు. నాన్నకి తెలుసు, చెప్పట్లేదు.”

ఆమె తండ్రి తల వంచుకున్నాడు. ఇందాకటి నవ్వు ఎవరి మొహంలోనూ లేదు. నాకైతే సిగ్గేసింది. గడువు లెక్క అందరికంటే బాగా తెలిసినవాణ్ని, పది నిమిషాలు ఫ్యాషన్ల మీద తగలేశాను.

“నీకే రంగు ఇష్టమో చెప్పు తల్లీ” అన్నారు రత్తమ్మగారు.

“ఏ రంగైనా సరే మామ్మా. ఎల్లుండి కావాలి నాకు.”

ఆ సాయంత్రమే ఇద్దరాడవాళ్లూ ఒకే ఆటోలో బజారుకు వెళ్లి ఎర్రంచు తెల్ల మధుపర్కాలు కొన్నారు. కొంగు తల మీదుగా వేస్తే చర్చి పెళ్లిలో వేసే ముసుగూ అదేనని రత్తమ్మగారే తేల్చారట.

మూడో రోజు, గడువు చివరి రోజున, అధికారి ఎదుట లహరి ఆ చీరలో కూర్చుంది. మధుపర్కాలు జతగా అమ్ముతారు కాబట్టి ప్రవీణ్‌కు పంచె తప్పలేదు. కట్టుకోవడం చేతకాక జీన్సు మీదే చుట్టుకొచ్చాడు. సంతకానికి వంగినప్పుడు పంచె తొలగి, చిరుగులోంచి మోకాలు కనబడింది. నేను చూశాను. ఏమీ అనలేదు. రత్తమ్మగారు తెలుగులో, కరుణమ్మగారు ఇంగ్లీషులో సంతకం చేశారు. మూడోది నాది. కోటేదండీ అని అధికారి అడిగితే ఇస్త్రీకి ఇచ్చానన్నాను.

ఇంటికి వెళ్లి మా ఆవిణ్ని అడిగాను, మన పెళ్లిలో సూత్రం వేళకి నువ్వే రంగు చీర కట్టావని.

“తెల్లది. మీ పంచె కూడా తెల్లదే. మీరు పురోహితుడి తప్పులు పట్టడంలో ఉండి నా వంక చూస్తేగా!” అంది.

ఆ పెళ్లికి చట్టం అడిగినవి వయసు, నివాసం, ముగ్గురు సాక్షులు, ఇద్దరి సమ్మతి. బట్టల ఊసు అందులో లేదు. అడగనిదాని మీద వాదించి గడువును ఆఖరి రోజు దాకా ఈడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని నా జూనియర్లకు ఎప్పుడూ చెప్పేవాణ్ని. ఆ ఏడునుంచి ఇంకో మాట చేర్చాను: జవాబు తెలుసనుకున్న ప్రశ్నయితే, ముందు ఇంట్లో ఒకసారి అడిగి రమ్మని.