చెయ్యి పెట్టి చూడందే

మా వీధి చివర టింకరింగ్ షెడ్డు నడిపిన మేస్త్రి తాత పోయిన నెలలో పోయారు. నేను కాలేజీలో ఉండగా, ఆయన్ని బావ అని పిలిచే మా వీధి టాక్సీ తాత ఫోన్ చేశారు. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ అరిచి మాట్లాడతారు. ఆ రోజు మాత్రం మెల్లగా, "గుంటా, బావ ఎల్లిపోనాడే," అన్నారు. మేస్త్రి తాత పొద్దున్నే టీ తాగి, షెడ్డు షట్టరు సగం ఎత్తి, అక్కడే కూలబడ్డారట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆయన మాకు చుట్టం కారు. మా ఇల్లు షెడ్డుకు ఆనుకుని ఉంటుంది, అంతే. దెబ్బతిన్న కారు రేకును సుత్తితో తట్టి తట్టి మళ్ళీ మొదటి ఆకారానికి తేవడం ఆయన పని. నా చిన్నప్పటినుంచీ మా ఇంట్లో గడియారం కంటే ముందు ఆ సుత్తే మోగేది. రంగు వేసే రోజు మాత్రం చప్పుడు ఉండేది కాదు. రంగు ఎప్పుడూ పొద్దున్నే వేసేవారు. ఎండ ఎక్కాక గాలి పోర్టు వైపు నుంచి తిరిగితే బొగ్గు పొడి వచ్చి తడి రంగు మీద కూర్చుంటుంది.

సొట్ట తీయడం అయ్యాక ఆయన చేసే పని ఒకటుంది. పాత నూలుగుడ్డ ముక్కను రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా జరిపేవారు. గుడ్డ ఎందుకని ఒకసారి అడిగాను.

"ఉత్తి సెయ్యి రేకుకి అంటుకుంటాది. గుడ్డుంటే జారతాది. జారితేనే ఎగుడూ దిగుడూ తెలుత్తాది. కన్ను మోసపోద్ది గానీ సెయ్యి మోసపోదు," అన్నారు.

నాకు ఇంటర్‌లో ఉన్నప్పుడే మాటల పిచ్చి పట్టుకుంది. కొత్త మాట వినబడితే నోటుబుక్కులో రాసుకుంటాను. అందులో మొదటి రెండు పేజీలూ ఆయన దగ్గర ఏరుకున్నవే. రంగుకు ముందు రేకు మీది గుంటలు పూడ్చే ముద్దను లప్పం అంటారని అక్కడే రాసుకున్నాను. ఆయన చదువుకున్నది తక్కువ. కానీ నేను రాసిన వ్యాసం చదివి వినిపిస్తే, రేకు మీద చెయ్యి జరిపినట్టే కళ్ళు మూసుకుని వినేవారు. మధ్యలో వేలెత్తి ఆపేవారు. "ఇక్కడ లప్పం ఎక్కువైంది. సొట్ట తియ్యడం సేతకానోడే లప్పం దట్టంగా పూత్తాడు." నేను ఇంటికి వెళ్ళి ఆ వాక్యంలో నాలుగు మాటలు కొట్టేసేదాన్ని. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆయన ఎక్కడ వేలెత్తేవారో తెలియక ప్రతి వాక్యం దగ్గరా ఆగుతున్నాను.

ఆయన చివరి రోజుల్లో మా వీధిని రెండుగా చీల్చింది ఒక కారు బొమ్మ. ఒకప్పుడు ప్రతి టాక్సీ స్టాండులోనూ కనబడిన గుండ్రటి కార్లు చేసిన పాత కంపెనీ, ఇన్నాళ్ళకు మళ్ళీ ఆ పేరుతో ఒక కొత్త నమూనా కారు చేయించింది. కారుకీ జీపుకీ మధ్యరకం, ఎత్తైన క్రాసోవర్. ముందు మాత్రం పాత కారులాగే గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు బానెట్టు. దాని ఫొటోను ఒక సాయంత్రం బ్యాటరీ షాపు అన్నయ్య ఫోనులో షెడ్డుకు పట్టుకొచ్చాడు.

"సూపరుంది కదా?" అన్నాడు.

"సూపరేటిరా? మా యమ్మ సీర ఎవత్తో కట్టుకొచ్చినట్టుంది," అన్నారు టాక్సీ తాత. ఆయన దగ్గర ఆ కంపెనీ పాత కారు ఇప్పటికీ ఉంది. స్టేషన్ నుంచి స్టీల్ ప్లాంటుకు, ఎలమంచిలి పెళ్ళిళ్ళకు జీవితమంతా దాన్నే తిప్పారు.

టీ కొట్టు అత్త గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి తొంగి చూసింది. "సీర సంగతి నాకు తెల్దు గానీ, సీటు ఎత్తుగుంది. మోకాళ్ళ నొప్పులోళ్ళు సక్కగా ఎక్కి దిగొచ్చు."

"నువ్వు కొంటావేటి?"

"కొంటానో మానతానో. నీ బండిలోంచి దిగాలంటే మాత్రం నన్ను ఇద్దరు లాగాల."

అందరూ నవ్వి మేస్త్రి తాత వైపు తిరిగారు. నేను కూడా నోటుబుక్కు తీశాను. ఈ కారు మీద గొడవనే కాలేజీ గోడపత్రికకు వ్యాసంగా రాస్తానని మాటిచ్చాను మరి. ఆయన ఫోను వెనక్కి ఇచ్చేశారు.

"ఫొటో మీద సెయ్యేసి ఏటి సెప్తాను?"

"అదంతా కంపూటర్లో గీసింది బావా. మనిషి సెయ్యి తగల్లేదు దానికి," అన్నారు టాక్సీ తాత. అంతటితో ఆగితే బాగుండేది. "అయినా సెయ్యి పెడితే మాత్రం ఇప్పుడు నీకు తెలుత్తాదేటి? మా డోరు సూడు."

రెండు నెలల ముందు టాక్సీ తాత కారు డోరును ఆటో గుద్దితే మేస్త్రి తాతే బాగుచేశారు. చెయ్యి జరిపి, బాగుందని చెప్పి, రంగు వేశారు. కారు ఎండలోకి వచ్చాక చూస్తే డోరు మధ్యలో చిన్న వంపు మిగిలిపోయింది. అందరూ చూశారు. ఎవరూ అనలేదు. షుగరు వల్ల మేస్త్రి తాత వేళ్ళ కొసలకు కొన్నాళ్ళుగా తిమ్మిరి ఉందని అందరికీ తెలుసు. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వారం రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. వచ్చిన బళ్ళను మేస్త్రి తాత తరువాత చూద్దామని పంపించేసేవారు. పని లేని మనిషిలా గేటు దగ్గర కూర్చుని, బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ ఒత్తుకుంటూ ఉండేవారు. అప్పుడే ఆ నమూనా కారు ఊళ్ళు తిరుగుతూ మన బీచ్ రోడ్డుకు ప్రదర్శనకు వస్తోందని తెలిసింది.

"గుంటా, నన్నో పాలి తీసుకెల్తావా?" అని అడిగారు. తన వేళ్ళ సంగతి తేల్చుకోడానికే వెళ్తున్నారని నాకు అర్థమైంది.

బస్సులో వెళ్దామనుకుంటే టాక్సీ తాత కారు కడిగి గేటు ముందు పెట్టారు. "ఎక్కు బావా," అన్నారు. అది తప్ప దారిలో ఇద్దరూ ఇంకో మాట అనలేదు.

కారు చుట్టూ తాడు కట్టి ఉంది. అక్కడా జనం మా వీధి జనంలాగే ఉన్నారు. సగం మంది ఫొటోలు తీసుకుంటున్నారు, సగం మంది పెదవి విరుస్తున్నారు. ముట్టుకోకూడదండీ అంది అక్కడి అమ్మాయి. ఈయన జీవితమంతా ఈ కార్ల రేకులే బాగుచేశారని నేను బతిమాలాను. ఆమె కారుతో పాటు తిరిగే పెద్దాయన్ని పిలిచింది. ఆయన మేస్త్రి తాత చేతుల వైపు చూసి, తాడు కిందికి దించాడు. "వాచీ, ఉంగరం ఉంటే తీసెయ్యండి," అన్నాడు. అవి ఉంటే కదా తీయడానికి. మేస్త్రి తాత జేబులోంచి గుడ్డ తీశారు.

ముందు మడ్‌గార్డు, డోరు, వెనక డోరు. కళ్ళు మూసుకుని అంగుళం అంగుళం జరుపుతున్నారు.

"పెళ్ళిసూపులేటి బావా, ఇంతసేపు? నాను టీ తాగొత్తాను," అని టాక్సీ తాత బయటికి వెళ్ళిపోయారు.

వెనక చక్రం పైన ఆయన చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, అక్కడే ఆగింది. "ఇక్కడ సొట్ట తీసినారు," అన్నారు.

నేను చూశాను. రంగు అద్దంలా ఉంది. చెయ్యి పెట్టాను. నాకేమీ తెలియలేదు. కానీ ఆ పెద్దాయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లారీలోంచి దింపుతుంటే తగిలిందండీ. మా మేస్త్రి సరిచేశాడు. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు." తర్వాత ఆయనే చెప్పాడు. ఉన్నది ఈ ఒక్క కారేనట, ఫ్యాక్టరీలో వరసగా దిగింది కాదట. దీని రేకంతా మనుషులు చేత్తో కొట్టి చేసిందేనట.

మేస్త్రి తాత తన వేళ్ళ వైపు చూసుకున్నారు. "బాగా తీసినాడు. నాను సెప్పినానని ఆడికి సెప్పండి," అన్నారు.

నేను టాక్సీ తాత కోసం పరుగెత్తబోయాను. మేస్త్రి తాత నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"సెప్పకు. ఆడి డోరు సరిజేసినాక సెబుదువు గానీ. ఇక్కడ దొరికిందని అక్కడ వంపు పోద్దేటి?"

తిరిగి వస్తుంటే, వ్యాసంలో ఏం రాయమంటావు తాతా అని మేస్త్రి తాతను అడిగాను. "దీపాలు నచ్చనేదు. పాత మొకం తెచ్చి అతికించినట్టున్నాయి. ఎనక వంపు మాత్రం బాగా నచ్చింది. రెండూ రాయి," అన్నారు.

"బాగుందో నేదో, ఏదో ఒకటి సెప్పు బావా," అన్నారు టాక్సీ తాత, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అన్ని పక్కలా ఒకేలా ఉండే బండి ఉంటాదేటిరా?"

ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నందుకు నాకు వ్యాసం సంగతే గుర్తు రాలేదు. డోరు పని మర్నాడే మొదలుపెడతానన్నారు మేస్త్రి తాత. ముసురు పట్టింది. రంగు ఆరదు, తెరిపివ్వనీ అన్నారు. అయిదో రోజున తెరిపిచ్చింది. తెల్లారగానే కారు తెమ్మని కబురు పెట్టారు. టాక్సీ తాత కారు తెచ్చి షెడ్డు ముందు ఆపి, ఇంజను కట్టేస్తుండగా, మేస్త్రి తాత షట్టరు ఎత్తుతూ పడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ కారులోనే.

పెద్దకర్మ అయిన రోజు టాక్సీ తాతకు బీచ్ రోడ్డు సంగతి చెప్పాను. ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టారు.

"నాకప్పుడే ఎందుకు సెప్పనేదే?"

"నీ డోరు సరిచేశాకే చెప్పమన్నారు తాతా."

ఆయన లేచి కారు దగ్గరికి వెళ్ళారు. పక్క వీధి మేస్త్రి కూడా భోజనానికి వచ్చి ఉన్నాడు. ఆ వంపు తానే తీసిపెడతానన్నాడు. "అక్కర్నేదు. అది మా బావ పని. అలాగుండనీ," అన్నారు టాక్సీ తాత. భుజం మీది తువ్వాలు తీసి డోరు మీద పరిచారు. దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఒకసారి జరిపారు.

తర్వాత కారెక్కి వెళ్ళిపోయారు. ఎండ ఎదురుగా ఉంది. కారు కదులుతుంటే డోరు మీద మా వీధి అంతా అద్దంలోలా కనబడింది. కరెంటు స్తంభం, టీ కొట్టు, ఆ రోజు నుంచీ ఎవరూ దించని, సగం ఎత్తిన షట్టరు. ఒక్కొక్కటీ ఆ వంపు దగ్గరకు వచ్చి కొంచెం వంగింది, దాటాక మళ్ళీ నిటారుగా నిలబడింది.