ఆనపకాయ మీద గోటిగాటు

పెళ్ళయ్యాక మహేంద్ర ఏ ఊళ్ళోనూ మూడేళ్ళు నిండనివ్వలేదు. హైదరాబాదు, న్యూజీలాండ్ వచ్చాక ఆక్లాండ్, డునెడిన్‌లో ఆసుపత్రి కంప్యూటర్ల ఉద్యోగం, ఇప్పుడు వెల్లింగ్టన్‌లో ఒక ప్రభుత్వ శాఖ కాంట్రాక్టు. ఎక్కడున్నా ఆ ఊరి ఆకాశం ఏడాదికల్లా నెత్తికి తగులుతున్నట్టుంటుంది అతనికి.

"పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పుతున్నారు మమ్మల్ని" అంటుంది భార్య గిరిజ. ఆ మాటకి అతను నవ్వుతాడు. ఒకచోట ఉండిపోయినవాళ్ళందరూ వేరే దారిలేక ఉండిపోయారని అతని నమ్మకం.

ఈసారి ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, కొత్త ఉద్యోగం. వస్తున్నానని సోమవారంలోగా జవాబు రాస్తే చాలు. ఇప్పుడుంటున్న జాన్సన్‌విల్ ఇంట్లో వంటింటి పెట్టెలు రెండు ఇంకా విప్పనేలేదు కాబట్టి సర్దడం కూడా సగం అయిపోయినట్టే. అడ్డం పడింది పదేళ్ళ కూతురు వర్షిణి. అది ఇప్పటికి నాలుగు స్కూళ్ళు మారింది. బ్రిస్బేన్ మాట మొదట వినపడ్డప్పుడే, అక్టోబరులో, ఇండియన్ షాపులో కొన్న ఆనప గింజలు పాతుతూ తండ్రితో పందెం వేసింది.

"సమ్మర్ షోలో దీనికి ఎర్ర రిబ్బన్ వస్తే ఇంకో ఇయర్ ఇక్కడే. రాకపోతే నువ్వు ఎక్కడికంటే అక్కడికి. నోరెత్తను."

సమ్మర్ షో అంటే ఏటా ఫిబ్రవరిలో, అక్కడి వేసవిలో, జరిగే రైతుల ప్రదర్శన. ఎర్ర రిబ్బనంటే ఫస్టు. మహేంద్ర సరేనన్నాడు. వెల్లింగ్టన్ గాలికి మనుషులే నిలబడలేరు, ఆనపతీగ ఏం నిలబడుతుందని అతని ధీమా.

వర్షిణి తీగని బయట పెట్టనేలేదు. వెనకవైపు అద్దాల వరండాలో పెంచింది. ఆనపపూలు పొద్దుగూకే వేళకి విచ్చుకుంటాయి. ఆ వేళకి లోపలికి తేనెటీగలు రావు. అందుకని స్నానం చేసి నైట్‌డ్రెస్సుతో వెళ్ళి, బొమ్మలకి రంగులేసే కుంచెతో మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకి అద్దేది. ఆరు పిందెలు రాలిపోయాయి. ఏడోది నిలిచింది.

ఫిబ్రవరి చివరి శనివారం ముగ్గురూ కొండ దాటి, షో జరిగే వైరరాపా వైపు బయలుదేరారు. తువ్వాలులో చుట్టిన కాయ వర్షిణి ఒళ్ళో ఉంది. సీటుబెల్టు ఇద్దరికీ కలిపి పెట్టుకుంది. మహేంద్ర దారి పొడుగునా ముందు బళ్ళని దాటుతూనే ఉన్నాడు.

"ఎవరు తరుముతున్నారండీ?" అంది గిరిజ.

"తొమ్మిదింటికి కాయ ఇచ్చెయ్యాలిగా."

"ఇంకా గంటన్నర ఉంది."

షో మైదానంలో పిల్లల ప్రాజెక్టులకి ఒక రేకుల హాలు. తెల్లకాగితం పరిచిన బల్లల మీద, సాసర్లలో తడి ఇసుక నింపి పూలు గుచ్చిన అలంకారాలు, దోసకాయలతో చేసిన మొసళ్ళు, పేపర్ ప్లేట్లలో బిస్కెట్లు. చివరి బల్ల మీద 'పిల్లలు పెంచిన కూరగాయ, ఇతర రకం'. అప్పటికి రెండే ఉన్నాయి, వంకరమెడ పసుపు గుమ్మడొకటి, నూల్‌కోలు గడ్డొకటి. ఆనపకాయ తువ్వాలులోంచి బయటికి రాగానే ఆ రెండూ చిన్నబోయాయి. జానెడున్నర పొడుగు, లేతాకుపచ్చ, ఒళ్ళంతా సన్నటి నూగు.

బల్ల దగ్గర కాయలు తీసుకుంటున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఎంత చక్కగా ఉంది. బల్ల మీద దీనికి పోటీ ఏదీ లేదనుకుంటా. మరి ఇది ముదిరితే కోస్తారా, లేతప్పుడే కోస్తారా?"

"లేతదే. వెరీ టెండర్" అన్నాడు మహేంద్ర. అంటూనే బొటనవేలి గోరు కాయ మెడ దగ్గర దింపాడు.

అతని సొంతూరు సామర్లకోట బజారులో అలా గోరు గుచ్చకుండా ఆనపకాయ కొన్నవాళ్ళు లేరు. గోరు దిగితే లేత, దిగకపోతే ముదురు. అక్కడ బుట్టలో ప్రతి కాయకీ ఆ గాట్లుంటాయి. వాళ్ళమ్మ వెనకాల సంచీ పట్టుకు తిరిగిన రోజుల్నించీ అతని వేలికి ఆ అలవాటుంది. నెలవంకలాంటి గాటులోంచి నీటిబొట్టు ఊరింది.

"అయ్యో" అంది పెద్దావిడ.

వర్షిణి కాయని చూడలేదు. తండ్రి బొటనవేలిని చూసింది.

జడ్జీలు చూసేదాకా హాలు తలుపులు మూసేశారు. ఆ రెండు గంటలూ మహేంద్ర ఎక్కడా నిలవలేదు. గొర్రెల ఉన్ని కత్తిరించే పోటీ దగ్గర రెండు నిమిషాలు, ట్రాక్టర్ల దగ్గర నిమిషం. ఐస్‌క్రీం కొనిస్తానంటే వర్షిణి వద్దంది. అతనే కొనుక్కుని సగం పారేశాడు. తలుపులు తీశాక అందరికంటే ముందు దూరింది కూడా అతనే.

ఆనపకాయకి నీలం రిబ్బన్ ఉంది. సెకండ్. పక్కన జడ్జి పెన్సిలుతో రాసిన కార్డు: 'ఆకారం, నిగారింపు అద్భుతం. తోలు మీద కొత్త గాటు లేకపోతే మొదటి బహుమతి దీనిదే.'

మహేంద్ర పెద్దావిడని వెతికి పట్టుకున్నాడు. "ఆ గాటు నాది. పాప తప్పేం లేదు."

"నాకు తెలుసు. చూశాను కదా. కానీ జడ్జి బల్ల మీదున్నదాన్నే చూస్తారు."

అతను తిరిగొచ్చేసరికి వర్షిణి కార్డు చదవడం అయిపోయింది. "కావాలని చేశావా నాన్నా?"

"కావాలని ఎందుకు చేస్తారే" అంది గిరిజ. "అలవాటు. మా పుట్టింట్లోనూ అంతే."

"నువ్వు కాదమ్మా. నాన్న చెప్పాలి."

కాదని చెప్పబోయాడు. నోటిదాకా వచ్చింది. కానీ పోటీ ఏదీ లేదని పెద్దావిడ అన్నప్పుడు గుండెలో ఏదో జారిన మాట నిజం. ఇంకో ఏడాది ఇక్కడేనా అనుకున్నదీ నిజం. గోరు ఆ తరవాతే దిగింది.

"తెలీదమ్మా" అన్నాడు.

వర్షిణి తలూపింది. "ఓకే. ఓడిపోయా. బ్రిస్బేన్ ఎప్పుడు?"

ఏడుస్తుందనుకుని దానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు. వాటిని మింగేసి కారు తాళాలు బయటికి తీశాడు.

తిరుగుదారిలో తాళాలు గిరిజకిచ్చి వెనక సీట్లో కూతురి పక్కన కూర్చున్నాడు. మలుపుల్లోనూ ఫోన్‌లో టైపు చేస్తూనే ఉన్నాడు. కొండ దిగాక సిగ్నల్ వచ్చింది.

"ఏంటది?" అంది వర్షిణి.

"బ్రిస్బేన్ వాళ్ళకి."

"చూపించు." ఫోన్ తీసుకుని మొత్తం చదివింది. "వచ్చే ఫిబ్రవరికి వస్తానని రాశావ్. వెయిట్ చేస్తారా?"

"చెయ్యరు."

"మరెందుకు రాశావ్?"

గిరిజ అద్దంలోంచి ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు మీదకి చూపు తిప్పింది.

"రావట్లేదని రాయి" అంది వర్షిణి ఫోన్ తిరిగిస్తూ.

అతను రాసింది చెరిపేశాడు. రావట్లేదని రెండు వాక్యాలు టైపు చేసి, కూతురు చూస్తుండగా పంపాడు. వెళ్ళిందని తెర మీద కనపడేదాకా వర్షిణి తల తిప్పలేదు.