పాదుషా సొంత మసీదు

నిన్న మా అబ్బాయి సోషల్ పుస్తకంలో ఢిల్లీ కోటలోని ఆ చిన్న పాలరాతి మసీదు బొమ్మ చూడగానే, నాకు మస్తానమ్మ చెంప గుర్తొచ్చింది.

ఏడో తరగతిలో బడివాళ్ళు మమ్మల్ని ఆ కోట చూపించడానికి తీసుకుపోయారు. మస్తానమ్మ మైపాడు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పిల్ల. దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. మా నెల్లూరు వైపు హిందువుల్లో అది మామూలే. రైల్లో దారి పొడుగునా, నీచు వాసనంటూ నేను ఆమె పక్కన ముక్కు మూసుకునే కూర్చున్నాను.

మసీదు వాకిలికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పాదుషా తన సొంత నమాజు కోసం కట్టించుకున్నాడని గైడు చెప్పాడు.

“నీది వాళ్ళ పేరే గదా, నిన్ను రానిస్తారు, పోవే,” అన్నాను.

నమ్మింది. చెప్పులు విడిచి, తలమీద చున్నీ కప్పుకుని, తాడు దాటి గడపకు దణ్ణం పెట్టింది. కాపలావాడు అరిచాడు. మాస్టారు అందరి ముందూ ఆమె చెంప పగలగొట్టారు.

“ఎవురు పొమ్మన్నారే నిన్ను?”

“ఎవురూ లేదు సార్. నేనే పోయినా.”

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

తిరుగు రైల్లో వాచిన చెంపతో వచ్చి నా పక్కనే కూర్చుని, “నీ కోసరం గూడా మొక్కినాలే,” అంది. నేను మళ్ళీ ముక్కు మూసుకున్నాను.

నిజానికి ఆమె దగ్గర ఏనాడూ ఏ వాసనా రాలేదు.